కొట్టేసిన వరుస

నడిమిపాళెం,
28 ఏప్రిల్ 2025

చిరంజీవి భానుకి,

ఆశీస్సులు చివర్లో. ముందు పని.

మీ ప్రసాద్ బాబాయి కొత్త పడవ వచ్చింది. వేట నిషేధం ముగిసిన మరునాడు, జూన్ పదిహేనున, నీళ్లలోకి దిగుతుంది. దానికి మీ నాన్న పేరు పెట్టాలని ప్రసాద్ పట్టుబట్టాడు. సరే అన్నాను. ఈ పాళెంలో కొత్త పడవకు పేరు కింద ఒక మాట రాయించనిదే ఎవరూ కొబ్బరికాయ కొట్టరని నీకు తెలుసు. బడిలో టీచరుగా చేరినప్పటి నుంచి, రిటైరయ్యాక కూడా, ఆ మాటలన్నీ నేనే రాస్తూ వచ్చాను. నా కొడుకు పడవకు మాత్రం చెయ్యి సాగడం లేదు. నువ్వు రాయి.

నేర్పినవే మళ్లీ చెబుతాను. పడవ మీద మాట రెండు వరుసలు, మహా అయితే మూడు. ఎదురు పడవలోని మనిషి అల మీదికి లేచినప్పుడు ఒక్కసారి చూస్తాడు. అల దిగేలోపు చదివేయాలి. మళ్లీ లేచేలోపు అర్థం కావాలి. మన పాళెం పెద్ద, కాపు పెంచలకృష్ణ పడవ మీద నేను రాసింది గుర్తుందిగా:

వల నిండా చిల్లులే.
అందుకే చేపలు.

ఇందులో "ఎందుకంటే" లేదు. "జీవితం" లేదు. నీతి లేదు. చిన్న మాటకు ఖాళీలు వదలడమే విద్య. అన్నీ పూడ్చేస్తే అది వల కాదు, గోనెపట్టా.

నువ్వు పంపిన చెవి మిషను పెట్టుకుంటే కీమంటోంది. తీసి బీరువాలో పెట్టాను. అందుకని ఫోను చేయకు. నీ మాట సగమే నాకు అందుతుంది. మిగతా సగం మీ అమ్మ చిట్టి అరిచి చెబుతుంది, అది వీధికంతా అందుతుంది. ఉత్తరం రాయి. నా ఉత్తరంలో ఎన్ని ప్రశ్నలుంటే అన్నిటికీ జవాబు రావాలి. నేనూ అంతే, నీ ప్రశ్న ఏదీ బాకీ ఉంచను. ఈసారికి ఒకటే ప్రశ్న: రాస్తావా?

ఆశీస్సులు.
అవ్వ


తడ,
4 మే

అవ్వా,

రాస్తాను. జవాబైపోయింది. ఇక నా గోల.

రోజంతా బూట్ల పైతోలు కుట్టి హాస్టలుకు వచ్చేసరికి కళ్ల ముందు కుట్లే కనబడుతున్నాయి. గదిలో అమ్మాయిలు నన్ను చూసి "కవయిత్రిగారూ, లైటార్పండి" అంటున్నారు. బస్సులోనే కొంచెం తీరిక దొరుకుతోంది. మన రమణయ్య మామ కొడుకు వినోద్ కూడా ఈ కంపెనీలోనే, గోడౌన్‌లో ఉన్నాడు. ఒకే బస్సు. నేను కాగితం తీస్తే కిటికీ సీటు నాకు వదిలేస్తాడు.

మూడు రాశాను, చూడు.

"నాన్నా, నువ్వు వెళ్లిన దారిలో కన్నీటి ముత్యాలతో ముగ్గులు వేశాను."

"కడలి ఒడిలో నిదురించిన తండ్రీ, నీ జ్ఞాపకాల కెరటాలు నా గుండె తీరాన్ని తాకుతున్నాయి."

"సముద్రమా, మా నాన్నను తిరిగివ్వు."

నా ప్రశ్నలు కూడా మూడు. వీటిలో ఏది బాగుంది? రంగు వేసేది ఓబులేసేనా? మూడోది ఇంట్లో ఎవరినీ ఎప్పుడూ అడగలేదు. రాయడానికి కూర్చుంటే అదొక్కటే వస్తోంది. ఆ రోజు నాన్న ఎవరినైనా కేకేసి ఉంటాడా అవ్వా?

మిషను కొత్తలో కీమంటుందని షాపాయన చెప్పాడు. కొన్నాళ్లు ఓర్చుకోవాలట. ఓర్చుకో అవ్వా.

భాను


నడిమిపాళెం,
9 మే

చిరంజీవి భానుకి,

వరసగా జవాబులు.

మొదటిది: ఏదీ బాగాలేదు. సముద్రం మీద ముగ్గు ఎవరు వేస్తారు? మీ అమ్మ వాకిట్లో వేయడానికే బద్ధకిస్తుంది. కన్నీరు కొట్టేశాను. ముత్యాలు కొట్టేశాను. ముగ్గు కొట్టేశాను. "నాన్నా" ఒక్కటి మిగిలింది. అది నిజమే, కానీ అది పిలుపు, మాట కాదు. రెండోది సంతాపసభ బ్యానరు. కడలి అని మన పాళెంలో ఎవరైనా అనగా విన్నావా? మూడోది అడుక్కోవడం. మీ నాన్న ఎవరినీ ఏమీ అడుక్కోలేదు.

నీకు ఏమనిపించిందో రాయకు. ఏం జరిగిందో రాయి. అనిపించడం చదివేవాడి పని. జరిగింది ఇదీ. రెండేళ్ల కిందట కార్తీకంలో, ఒక మధ్యాహ్నం, రెండు పడవలు వెళ్లాయి. ఒకటి మీ నాన్నది, ఒకటి రమణయ్యది. మీ నాన్నకు తోడు వెళ్లవలసిన మనిషి జ్వరంతో పడుకుంటే ఒంటరిగానే వెళ్లాడు. రమణయ్యతో ఇద్దరు తమిళ కూలీలున్నారు. వాళ్లు ఆ వారమే తమ ఊరికి వెళ్లిపోయారు. సాయంత్రానికి గాలి తిరిగింది. మర్నాడు పొద్దున రమణయ్య దక్షిణం రేవులో పడవ దిగి ఇక్కడికి నడిచి వచ్చాడు. రాత్రికి అక్కడ ఒడ్డెక్కి పడుకున్నాడని ఊరంతా అనుకుంది. మీ నాన్న పడవ తలకిందులుగా దొరికింది. మనిషి దొరకలేదు. నీకు కావలసింది ఇందులోనే ఉంది. వెతుక్కో.

రెండోది: ఓబులేసే.

మూడోది నా దగ్గర లేదు. బాకీ.

అవ్వ


తడ,
14 మే

అవ్వా,

నీ ఉత్తరం బస్సులో చదివాను. కొంచెం ఏడ్చాను, "సంతాపసభ బ్యానరు" దగ్గర నవ్వాను. పక్కన వినోద్ కంగారుపడి నీళ్ల సీసా ఇచ్చాడు.

ఆ రోజు గురించి అతనికి తెలిసింది అడిగాను. అప్పుడతను పాలిటెక్నిక్ హాస్టల్లో ఉన్నాడు. మామ ఇంట్లో ఆ మాట ఎత్తడట. ఎప్పుడో ఒకసారి వాళ్లమ్మతో అన్న ముక్క మాత్రం విన్నాడట. తర్వాత కాగితం ముందు కూర్చుంటే ఒక్కసారిగా వచ్చేసింది.

రెండు పడవలు పోయినాయి.
చీకటి దాకా వెతికి
ఒకటి ఒడ్డుకొచ్చింది.

కన్నీరు లేదు, ముత్యం లేదు, కడలి లేదు. మూడు వరుసలూ బరువు మోస్తున్నాయనే అనుకుంటున్నాను. నీకెలా ఉంది?

భాను


నడిమిపాళెం,
19 మే

చిరంజీవి భానుకి,

ఇదీ మాటంటే.

నీ కాగితం చదివి కళ్లజోడు తీసి తుడుచుకున్నాను. బడిలో ఇన్నేళ్లు చెప్పినా ఎవరికీ పట్టుబడనిది నీకు పట్టుబడింది. "పోయినాయి" అని మన వాడుకలోనే ఉంచావు. అది ఎంత సరైన పనో నీకే తెలియకపోవచ్చు.

ఒక్క మార్పు చేశాను. మధ్య వరుస తీసేశాను.

రెండు పడవలు పోయినాయి.
ఒకటి ఒడ్డుకొచ్చింది.

ఇప్పుడు చదివి చూడు. మధ్య వరుస సంజాయిషీ. సంజాయిషీ ఉన్న చోట మాట చల్లబడుతుంది. రెండు వరుసల మధ్య ఖాళీలో సముద్రమంతా పట్టింది.

ఓబులేసు నిన్ననే రాసేశాడు. నీలం మీద తెలుపు. పడవ ఒడ్డు మీద రమణయ్య పడవ పక్కనే ఉంది. ప్రసాద్ చాలాసేపు నిలబడి చూశాడు. మీ అమ్మ మాత్రం, "ఏందత్తా, మూడు వరసలన్నావే, రెండే ఉండాయి?" అంది. ఎక్కువైంది తీశానని చెప్పాను. ఆమె ఇంకేదో గొణిగింది, నాకు వినబడలేదు.

నీ ప్రశ్నకు జవాబు పైనే ఉంది. గర్వంగా ఉంది. ఇంతకన్నా పొడిగిస్తే నాకే బాగుండదు.

అవ్వ


తడ,
24 మే

అవ్వా,

నువ్వు గర్వపడ్డావని రాసిన ఉత్తరానికి ఇలా జవాబు రాయాల్సి వస్తుందనుకోలేదు.

ఆ వరుస మళ్లీ పెట్టించు.

బాబాయి పడవ ఫొటో ఫోన్లో పంపాడు. బస్సులో నేను చూస్తుంటే వినోద్ కూడా చూశాడు. చదివాడు. దిగాల్సిన చోటుకు ముందే దిగిపోయాడు. మర్నాటి నుంచి వేరే బస్సులో వస్తున్నాడు.

నువ్వే కదా ఖాళీలు వదలమన్నావు. వల చిల్లు మరీ పెద్దదైతే చేప బయటికి పోతుంది అవ్వా. ఆ రెండు వరుసలు చదివినవాళ్లు సముద్రాన్ని చూడరు. పక్కనున్న పడవను చూస్తారు. అది రమణయ్య మామది.

నేను రాసింది తెలిసే రాశాను. ఎప్పుడు మారుస్తావు?

భాను


నడిమిపాళెం,
29 మే

భానుకి,

రాసినదాంట్లో ఒక వరుస పోతే కొత్తగా రాసేవాళ్లందరికీ వేలు తెగినట్టే ఉంటుంది. కొన్నాళ్లకు మానిపోతుంది. నీ కోపం అదే అనుకున్నాను. నీ ఉత్తరం వచ్చిన రోజే ఇక్కడ జరిగింది చూశాక అది మాత్రమే కాదేమో అనిపిస్తోంది. జరిగింది జరిగినట్టు రాస్తున్నాను.

సోమవారం మిట్టమధ్యాహ్నం, అందరూ వలలు బాగుచేసుకుంటూ కూర్చున్న వేళ, రమణయ్య చేపల కత్తి తీసుకొని ప్రసాద్ పడవ దగ్గరికి వెళ్లాడు. రెండో వరుసను మొదటి అక్షరం నుంచి చివరి అక్షరం దాకా గీకేశాడు. ప్రసాద్ పరుగెత్తుకెళ్లి చెయ్యి పట్టుకున్నాడు.

"ఏందన్నా ఇది? నీళ్లు కూడా చూడని పడవ మీద కత్తి పెడతావా?"

"నీ పడవని నేనేం చెయ్యలా. అబద్ధాన్ని గీకినా. అంతే."

"మా అమ్మ రాయించింది అబద్ధమా?"

"రాయించినోళ్లనే అడుగు పో."

కొత్త పడవకు నీళ్లు తగలక ముందే కత్తి తగలడం ఈ పాళెంలో ఎన్నడూ లేదు. ఆ సాయంత్రమే కాపు పెంచలకృష్ణ పెద్దలను కూర్చోబెట్టాడు. తప్పు ఒప్పుకొని ప్రసాద్‌కు క్షమాపణ చెప్పమన్నారు. రమణయ్య ఒప్పుకోలేదు. ముందు రాసినవాళ్లు చెప్పాలన్నాడు. దాంతో దురాయి వేశారు. దురాయి అంటే ఏమిటో నువ్వు పుస్తకంలో చదవనక్కర్లేదు, చిన్నప్పుడు చూశావు. అతని పడవ ఎవరూ ఎక్కకూడదు, అతని వల ఎవరూ పట్టకూడదు, ఆ ఇంటితో మాట కలపకూడదు. నిషేధం ముగిశాక ఊరంతా వేటకు పోతుంది, అతను ఒడ్డున కూర్చుంటాడు. ఒంటిచేత్తో ఆ పడవ కదలదు.

మీ అమ్మ నిన్న కూరగిన్నె కొంగు కింద పెట్టుకొని వాళ్ల పెరటి వైపు వెళ్లింది. చూశాను. చూడనట్టు తల తిప్పుకున్నాను.

ఓబులేసు ఎక్కడో పనిలో ఉన్నాడు, పదో తేదీకి వస్తాడు. అదే వరుస అదే చోట మళ్లీ రాయిస్తాను.

నీకు ఒకటే ప్రశ్న. సూటిగా జవాబు కావాలి. ఆ మధ్య వరుస నీదా, వినోద్‌దా? కిటికీ సీటు, నీళ్ల సీసా, అన్నీ నీ ఉత్తరాల్లోనే ఉన్నాయి. అతను నీకు వరసకు బావ. వాళ్ల నాన్నను కాపాడాలని నువ్వు రాస్తే అది మీ నాన్న పడవ మీదికి ఎక్కాల్సిన మాట కాదు.

అవ్వ


తడ,
3 జూన్

అవ్వా,

సూటిగానే రాస్తున్నాను.

వినోద్‌ది. మామ వినోద్ వాళ్లమ్మతో అన్న ముక్క అదే: "చీకటి దాకా వెతికినాం." అతను విన్నది అంతే, నాకు చెప్పింది అంతే. కవిత కోసం అడిగానని కూడా అతనికి తెలియదు. కాపాడమని నన్నెవరూ అడగలేదు. వినోద్‌కి అరక్కోణం పిల్లతో పెళ్లి మాటలైపోయాయి. నీ అనుమానం చదివి అమ్మాయిలకు చెబితే లైటార్పకుండా నవ్వారు. నాకు మాత్రం నవ్వు రాలేదు.

నిన్న వినోద్ మళ్లీ నా బస్సెక్కాడు. మామ పడవ అమ్మేస్తున్నాడట. కొనే మనిషి పదిహేనో తేదీ వస్తాడట. ఊరంతా వేటకు పోయే రోజు చూసి రమ్మన్నాడట, ఎవరి ముఖమూ చూడనక్కర్లేకుండా. ఆ తర్వాత గూడూరులో ఏ లారీ షెడ్డులోనో వాచ్‌మన్‌గా చేరతాడట. "మా నాయన సముద్రం వైపు వీపు పెట్టి అన్నం తింటా ఉండాడు" అని చెప్పి వినోద్ కిటికీ వైపు తిరిగాడు.

ఇది నేను రాసిన మాటతో జరిగింది. నువ్వు తీసిన మాటతో జరిగింది.

నా ప్రశ్న కూడా ఒకటే. ఆ వరుస అదనమని తీశావా? నమ్మలేదని తీశావా? అదనమైతే టీచరుగా చెప్పు, నేర్చుకుంటాను. నమ్మకపోతే అవ్వగా చెప్పు. రెండూ కలిపి మాత్రం చెప్పకు. ఆ రెండు వరుసలు మళ్లీ రాయిస్తే అవి నీవి. నావని ఎవరికీ చెప్పకు.

సెలవు అడిగాను, ఇవ్వలేదు. లేకపోతే నేనే వచ్చి అడిగేదాన్ని.

భాను


నడిమిపాళెం,
9 జూన్

చిరంజీవి భానుకి,

నమ్మలేదని తీశాను. అదనమని రాశాను.

ఈ రెండు వాక్యాలు రాయడానికి నాకు రెండు రోజులు పట్టింది.

ఆ పొద్దున రమణయ్య దక్షిణం రేవు నుంచి నడిచి వచ్చి, తన ఇంటికి వెళ్లకుండా మన వాకిట్లోకి వచ్చాడు. ఒళ్లంతా ఉప్పు చారలు కట్టి ఉన్నాయి. "చీకటి దాకా వెతికినాం అత్తా. ఆ పైన..." అన్నాడు. నేను తలుపేశాను. ఆ రోజు నా చెవులు బాగానే పనిచేసేవి.

నీ మధ్య వరుస చదవగానే ఆ వాకిలి కనబడింది. అచ్చంగా అదే మాట. కలం దానంతటదే వెళ్లింది. తర్వాత దానికొక సూత్రం వెతికి నీకు పాఠంగా పంపాను. నీ ఉత్తరం అడక్కపోతే ఆ పాఠాన్ని నేనూ నమ్మేసేదాన్ని.

నిన్న ఆదివారం పెద్దలు వలల షెడ్డులో కూర్చున్నారు. చెవి మిషను పెట్టుకొని వెళ్లాను. ఆడవాళ్లు వెనక నిలబడటం ఆనవాయితీ. నేను ముందుకు వెళ్లి కూర్చున్నాను. ఎవరూ అడ్డు చెప్పలేదు. అక్కడున్న సగం మంది చెవులు నేను మెలిపెట్టినవే.

"ఏంది టీచరమ్మా, నువ్వెందుకు వచ్చినావు?" అన్నాడు కాపు.

"కృష్ణా, గీకింది రమణయ్య. గీకాల్సిన మాట రాయించింది నేను. నా మనవరాలు మూడు వరుసలు రాసింది. అతను వెతికినాడని చెప్పే వరుసను నేను తీసేశాను. ఆ దురాయి వేస్తే నా మీద వెయ్యండి."

మిషను ఒకటే కీమంటోంది. దాని మధ్యలోంచి ఎవరో, "పెద్దామెకి ఏమన్నా అయిందా?" అనడం స్పష్టంగా వినబడింది. తిరిగి చూశాను. తల దించుకున్నాడు.

రమణయ్య షెడ్డు బయట, గుంజ పక్కన నిలబడి ఉన్నాడు. దగ్గరికి వెళ్లాను.

"ఆ రోజు 'ఆ పైన' అన్నావు. నేను తలుపేశాను. ఆ పైన ఏంది నాయనా?"

"ఇప్పుడెందుకులేత్తా."

"నాకు కావాల."

గుంజకున్న మేకును గోటితో గీరాడు. తర్వాత చెప్పింది మాట పొల్లుపోకుండా రాస్తున్నాను.

"ఆ పైన ఇంజను ఆపేసినామత్తా. ఇంజను మోగతా ఉంటే మనిషి కేక యాడ ఇనబడద్ది? లైటు మాత్రం ఆర్పలా, బావకి కనబడాలని. కొంచేపు కేకేసేది, కొంచేపు ఊపిరి బిగబట్టి ఇనేది. ఆ తమిళ పిల్లోళ్లు ఇద్దరూ పోదాం పోదాం అని ఏడ్చినారు. నేను ఇంజను ముట్టుకోనీలా. నీటివాలు మమ్మల్ని ఈడ్చుకుపోతానే ఉండింది. తెల్లారి చూస్తే దక్షిణం రేవు ముందర ఉండాం. ఊళ్లో ఏమో నేను ఆడ పడుకొని నిద్రపోయినానన్నారు."

"మరి చెప్పలేదేమయ్యా ఇన్నాళ్లు?" అని కాపు అడిగాడు.

"కన్నతల్లే తలుపేసింది గదన్నా. ఆమె ఇనని మాట ఇంకెవురికి చెప్పాల?"

ప్రసాద్ లేచి వచ్చి అతని పక్కన నిలబడ్డాడు. కాపు దురాయి ఎత్తేశాడు. రమణయ్య మాత్రం కరగలేదు. "మీరు ఎత్తేస్తిరి, సంతోషం. ఆ పడవ మీద ఏం రాస్తారో చూసి నా పడవ సంగతి చెప్తా" అన్నాడు. కొనే మనిషిని రావద్దని అతను ఇంకా కబురు చేయలేదు.

నువ్వు రాయి భానూ. నేనైతే మిగిలిన వరుస కూడా గీకించేసి పేరు ఒక్కటే ఉంచుదామనుకున్నాను. అదీ తలుపేయడమే. ఓబులేసుకు ఆగమని కబురు పెట్టాను. నువ్వు ఏది పంపితే అది. ఒక్క అక్షరం తీయను.

ఇంకొకటి. మే నాలుగో తేదీ ఉత్తరంలో నీ మూడో ప్రశ్న బాకీ ఉంది. ఇంటికి తిరిగొస్తుంటే రమణయ్య నా వెంట మన వాకిటి దాకా వచ్చాడు. లోపలికి రమ్మన్నాను. గడప దగ్గరే ఆగి చెప్పాడు. "ఒకే ఒక్కసారి ఇనబడిందత్తా. 'రమణా' అన్నట్టే ఉండింది. ఆ దిక్కుకే తెడ్లేసుకుంటా పోయినాం. మళ్లా రాలా. అది బావో, అలో, ఇప్పటికీ తేల్చుకోలేకుండా ఉండా."

నీ బాకీ తీరింది. తీరకపోతేనే బాగుండేదని నువ్వు అనుకుంటే నన్ను తిట్టుకో.

అవ్వ


తడ,
12 జూన్

అవ్వా,

వినోద్‌కి సెలవు దొరికింది. పోస్టులో అయితే అందదని దీన్ని అతని చేతికిస్తున్నాను. లోపల ఏముందో అతను అడగలేదు, నేనూ చెప్పలేదు. ఒడ్డు మీదే చదువుతాడు.

నిన్ను తిట్టుకోలేదు. మిషను దగ్గర కూర్చున్నాను కానీ కుట్టు సాగలేదు. సూపర్‌వైజరు అరిచాడు. అరవనిచ్చాను.

రెండు పడవలు పోయినాయి.
ఒకటి ఇంజను ఆపి
తెల్లారిందాకా విన్నది.

నాన్న పిలిచిన ఆ ఒక్కసారిని కూడా ఇందులో పెట్టాలని ఎన్నో రకాలుగా రాసి చూశాను. చివరికి నేనే తీసేశాను. అది ఎదురు పడవలో వచ్చేవాళ్లకు చెప్పేది కాదు. నీదీ, నాదీ, మామదీ.

చెవి నొప్పి పెడుతోందా?

భాను


నడిమిపాళెం,
15 జూన్

చిరంజీవి భానుకి,

నొప్పి లేదు. దురదగా ఉంది.

నీ మూడు వరుసలు మొన్న సాయంత్రం ఓబులేసు రాశాడు. గీకిన చోట కొత్త రంగు కింద కత్తి గాట్లు ఇంకా తెలుస్తూనే ఉన్నాయి. పూడ్చనా అని అడిగాడు, వద్దన్నాను. ఇందులో తీసేయడానికి ఏమైనా ఉందా అని నేనూ ఒకసారి చూశాను. అలవాటు. లేదు. నువ్వు తీసింది సరైనది. నేను తీసింది కాదు. ఈ విద్యలో నీకు నేర్పవలసింది ఇక నా దగ్గర ఏమీ మిగల్లేదు.

రమణయ్య ఆ సాయంత్రమే వచ్చి చదివాడు. వినోద్ పక్కనే ఉన్నాడు. రమణయ్య పెదవులు కదిలాయి. బడిలో నా దగ్గర చదివినప్పుడు కూడా అంతే, పైకి చదవడం రాదు. చదివి, వేలితో తడి రంగు అంటుకోకుండా అక్షరాల కింద గాలిలో ఒక గీత గీసి, వెళ్లిపోయాడు. పడవ సంగతి ఏమీ చెప్పలేదు. నేను అడగలేదు.

ఈ పొద్దున పూజ అయింది. పడవను నీళ్లలోకి తోయడానికి అందరూ చేరారు. ఎడమ వైపు ముందు భాగాన మీ నాన్న భుజం పెట్టే చోటు నీకు తెలుసు. అక్కడ ఎవరూ నిలబడలేదు. కాపు కూడా చుట్టూ తిరిగి వెళ్లి కుడివైపు నిలబడ్డాడు. ప్రసాద్ నా వైపు చూశాడు. అప్పుడు రమణయ్య పంచె ఎగ్గట్టుకుంటూ వచ్చి, "ఏందబ్బయా, ఆ చోటు ఖాళీ పెట్టినారు? పడవ వంకరపోదా?" అని భుజం పెట్టాడు.

కొనడానికి వచ్చినాయన మధ్యాహ్నం మన ఇంట్లోనే భోంచేసి ఊరికే తిరిగి వెళ్లాడు. మీ అమ్మ చేపల పులుసు బాగుందన్నాడు.

పొద్దున పడవ నీళ్లలోకి దిగగానే ప్రసాద్ ఇంజను వేశాడు. చెవి మిషను కీమంది. తీయలేదు. పడవ కనుమరుగయ్యేదాకా వింటూనే ఉన్నాను.

అవ్వ